ఆపుకో నాన్నా

మావాడి మలబద్ధకం గురించి తెలియని బంధువు మంచిర్యాల నుంచి హైదరాబాదు దాకా ఒక్కరూ లేరు. తెలియజేసింది నేనే. వాడు మొదటి అడుగు వేసినప్పుడు వీడియో పెట్టాను, "తాత" అన్నప్పుడు పెట్టాను. పాటీ సంగతికి వీడియో పెడితే బాగుండదని రాతపూర్వకంగా ప్రకటించాను: "ఈ రోజు ఉదయం మన చిన్నోడు తనంతట తానే పాటీలో కూర్చుని పని పూర్తిచేశాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం." కుటుంబ వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు, పూలగుత్తులు. మా పెద్ద మేనత్త దీర్ఘాయుష్మాన్‌భవ అని కూడా పెట్టింది.

ఇప్పుడు నిజం చెప్తాను, మీలోనే ఉంచుకోండి. వాడు పాటీలో కూర్చున్న మాట నిజమే. పని మాత్రం అంతకు ముందే కూలర్ వెనక నిలబడి చెడ్డీలో పూర్తిచేసుకున్నాడు. నేను దాన్ని చెడ్డీలోంచి పాటీలోకి బదిలీ చేశాను. బొగ్గు గనుల ఆఫీసులో గుమాస్తాని. ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మార్చడం నాకు అలవాటైన పనే. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఏమీ అనలేదు. భార్య ఏమీ అనకపోవడం ఎంతసేపు సాగుతుందో పెళ్లయినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మాది చంద్రపూర్, బాబుపేట్. మా తాత పాత కరీంనగర్ జిల్లా నుంచి బల్లార్షా బొగ్గు బావుల్లో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, సందులో మరాఠీ, ఆఫీసులో హిందీ. మా ఊరి థర్మల్ కేంద్రానిది 2920 మెగావాట్ల సామర్థ్యం. ఇక్కడి కరెంటు ముంబై పక్కనున్న పడ్ఘా దాకా తీగల మీద పరుగెత్తుతుంది. అలాంటి ఊళ్లో ఉండి, మూడేళ్ల పిల్లాడి పొట్టలోంచి ఒక్క ముద్ద కదిలించలేకపోయాను.

పుట్టుకతో వచ్చిన జబ్బేమీ కాదది. తల్లిపాలు మాన్పించి గేదెపాలు మొదలెట్టాక పట్టుకుంది. "మావాడు గ్లాసుడు పాలు గుక్క తిప్పుకోకుండా తాగేస్తాడు" అని కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాణ్ణి. అన్నం వద్దంటే పాలు, కూర ఊసేస్తే పాలు, ఏడిస్తే పాలు, నవ్వితే పాలు, నంచుకోవడానికి మైదా బిస్కెట్టు. పొట్టంతా పాలే అయితే పప్పుకీ కూరకీ చోటెక్కడిది? పక్కింటి కాకూ వేడివేడి జొన్న భాకరీ, మెంతికూర పట్టుకొచ్చి "ఇది పెట్టు బాబూ పిల్లాడికి" అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. మా తాత జీవితమంతా తిన్న జొన్నరొట్టెని మేము జీతాలు పెరిగాక ఎంతో గర్వంగా మానేశాం. మళ్లీ కొడుక్కి పెట్టడమా?

ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే సర్జను, తన సహచరులతో కలిసి ఆఫ్రికా పల్లెవాసుల మలాన్నీ ఇంగ్లీషువాళ్ల మలాన్నీ తూకం వేయించాడు, తిన్నది ఎవరికి ఎంతసేపట్లో బయటికొస్తుందో లెక్కగట్టాడు. 1972లో అచ్చు కూడా వేశారు. పీచున్న తిండి తినే పల్లెటూరివాళ్లదే బరువు, వాళ్లదే వేగం. అంత పెద్ద డాక్టరు అలాంటిదాన్ని తూకం వేయడానికి సిగ్గుపడలేదు, నేను భాకరీ ముట్టుకోవడానికి సిగ్గుపడ్డాను.

సరే, పాలూ బిస్కెట్లూ తమ పని తాము చేశాయి. ఒకరోజు రాయిలా వచ్చింది, రక్తపు చార కూడా కనిపించింది. వాడు ఏడ్చి ఏడ్చి పడుకుని, లేచాక ఒక నిర్ణయానికొచ్చాడు: ఇక ఈ జన్మలో వెళ్లకూడదు. అప్పట్నుంచీ కూలర్ వెనక చేరి, మునివేళ్ల మీద లేచి, కాళ్లు మెలేసి, కర్టెన్ పట్టుకుని, ముఖం కందగడ్డ చేసుకునేవాడు. నేను పక్కనే మోకాళ్ల మీద కూర్చుని "ముక్కు నాన్నా! ఇంకొంచెం! వచ్చేస్తోంది!" అని అరిచేవాణ్ణి. సందులోవాళ్లు కిటికీలోంచి తొంగి చూసేవాళ్లు. చాలా కాలానికి తెలిసిందేమిటంటే, వాడు ముక్కడం లేదు, బిగబట్టి వెనక్కి నెడుతున్నాడు. క్రికెట్ మ్యాచ్‌లో అవతలి జట్టు కొట్టే సిక్సర్లకి నెలల తరబడి లేచి నిలబడి చప్పట్లు కొట్టానన్నమాట.

అసలు తొందరెవరికి? పిల్లాడికి ఏ తొందరా లేదు. వాడి లోకంలో డైపరంత హాయి ఇంకోటి లేదు. తొందరంతా నాది. నా పక్క సీటాయన కూతురు రెండేళ్లు నిండకుండానే "పప్పా, బాత్రూమ్" అని చెప్పి వెళ్లడం మొదలెట్టిందట. ఆయన ఆ మాట చెప్పడానికి సరిగ్గా మేం టిఫిన్ డబ్బాలు విప్పే సమయమే ఎంచుకుంటాడు. ఆ పిల్ల మావాడికంటే నాలుగు నెలలు చిన్న. అంటే మా వంశం నాలుగు నెలలు వెనకబడిపోయింది. పైగా జూన్‌లో బడి. డైపరుంటే చేర్చుకోం అన్నారు. మా విదర్భలో ఎండలకి జడిసి బడులు జూన్ చివర్లో తెరుస్తారు, మిగతా మహారాష్ట్రకంటే ఆలస్యంగా. ఆ మిగులు రోజుల్ని కూడా నేను నా సామర్థ్యం కిందే జమ వేసుకున్నాను.

మూడు రోజుల్లో పాటీ నేర్పే వీడియో ఒకటి చూశాను. గోల్ బజార్‌కి వెళ్లి పసుపుపచ్చ బాతు ఆకారంలో పాటీ కొన్నాను. మూత తీస్తే పాట వస్తుంది. వాడికి బాగా నచ్చింది. బొమ్మ టిప్పర్ లారీ తెచ్చి, పెరట్లోంచి మట్టి ఎత్తి బాతు నిండా పోసి "బొగ్గు లోడైంది" అన్నాడు. బొగ్గు ఊరి పిల్లాడు, గుంట కనిపిస్తే ఇంకేం చేస్తాడు? లంచాలు మొదలెట్టాను. కూర్చుంటే స్టిక్కరు, వెళ్తే సంత్రా బర్ఫీ. వాడు కూర్చుని స్టిక్కర్లు కూడబెట్టాడు. బర్ఫీ ఎదురుగా ఉంటే ఆగలేక నేనే తినేసేవాణ్ణి.

లంచం పనిచేయకపోతే బెదిరింపు, ఏ ఆఫీసులోనైనా అంతే కదా. "వెళ్లకపోతే పులొస్తుంది" అన్నాను. వేరే ఊళ్లలో ఈ మాట చెల్లిపోతుంది. మా ఊళ్లో పులి పేపర్లో వచ్చే వార్త. తాడోబా అడవి పక్కనే ఉంది, థర్మల్ కేంద్రం ఆవరణలోనే పులులు తిరిగిన సంగతి పిల్లలకి కూడా తెలుసు. మా బాత్రూముకి పెరటివైపు కిటికీ ఉంది. వాడు ఆ కిటికీ వంక చూశాడు, నా వంక చూశాడు. ఆ తర్వాత నెలరోజులు స్నానం కూడా హాల్లోనే చేయించాల్సొచ్చింది.

అమెరికాలో బ్రాజెల్టన్ అనే పిల్లల డాక్టరు 1170 మంది పిల్లల వివరాలు దగ్గర పెట్టుకుని, ఈ విషయంలో పిల్లాడు సిద్ధమయ్యేదాకా ఆగండయ్యా, బలవంతం చేయొద్దు అని 1962లోనే రాశాడు. నేను పుట్టకముందే అచ్చయిన మాట. కానీ ఆయనకి మా పక్క సీటాయన తెలియదు కదా.

ఇప్పుడు అసలు నేరం దగ్గరికొస్తున్నాను. ఊళ్లో పిల్లల డాక్టరు ఎప్పుడో లాక్టులోజ్ సిరప్ రాసిచ్చి, నెలల తరబడి ఇస్తూ ఉండాలన్నాడు. ఇచ్చాం, వారానికే సాఫీ అయింది. వెంటనే నాలోని ధన్వంతరి నిద్రలేచాడు. "ఇంత చిన్న వయసులో మందుకి అలవాటుపడితే పేగులు బద్ధకిస్తాయి" అని సీసా తీసి అటక మీద పెట్టేశాను. ఎక్కడ చదివావని అడక్కండి, ఎక్కడా చదవలేదు. ఇంటి యజమానికి ఇలాంటి శాస్త్రం కూర్చున్నచోటే పుడుతుంది.

కొన్ని వారాలకి చెడ్డీకి పల్చటి మరకలు మొదలయ్యాయి. రోజంతా, కొంచెం కొంచెంగా. వాడికి తెలియను కూడా తెలియడం లేదు. మొదట పండగ చేసుకున్నాను, అడ్డు తొలగిందని. అదే గ్రూపులో చెప్పాను కూడా. తర్వాత ఆగకపోయేసరికి విరేచనాలని తేల్చి, సగ్గుబియ్యం జావ, అరటికాయ, దానిమ్మ తొక్క కషాయం, కట్టు పడే సరుకు ఏదుంటే అది పట్టించాను. మా అమ్మ పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని పొట్ట మీద చెయ్యేసి, "గీ పోరని కడుపు రాయిలెక్క ఉన్నదిరా, ఇరేచనాలు ఎట్లయితయి?" అంది. ఆముదం రాసిన తమలపాకు తొడిమతో ఒకప్పుడు ఎంతమంది పిల్లల్ని గట్టెక్కించిందో చెప్పబోయింది. "నీకు తెలియదమ్మా" అన్నాను. చదువుకోని తల్లిని ఈ మాట అనని చదువుకున్న కొడుకు ఉంటే చూడాలని ఉంది.

చైత్ర పౌర్ణమికి మా ఊళ్లో మహాకాళి జాతర. గోండు రాణి హీరాయి కట్టించిందని చెప్పే గుడి. మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం బళ్లు కట్టుకుని వస్తారు. ఈసారి హైదరాబాదు నుంచి నా తోడల్లుడు కుటుంబంతో దిగాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా. రాత్రి మేడ మీద అన్నాలు తింటుంటే "ఏం బావా, డైపర్ పూర్తిగా మానేశాడన్నావు?" అన్నాడు. "ఎప్పుడో!" అన్నాను. ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ మాట.

అన్నాను గానీ, లోపల పొట్టలో దడ. రేప్పొద్దున అందరి ముందూ పాటీలో నిజంగా పడాలి. అందరూ పడుకున్నాక చెంచాడు ఆముదం తీశాను. మా ఆవిడ చూసి వద్దంది. అప్పుడు నేను యల్లాప్రగడ సుబ్బారావుగారిని పట్టుకొచ్చాను. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆయనకీ అదే పట్టుకుంటే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదంతో బతికి బట్టకట్టాడు, తర్వాత అమెరికా వెళ్లి అక్కడి సహచరులతో కలిసి 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసి ఆ జబ్బుకే మందు చూపించాడు. "మన తెలుగువాడు! ఆయుర్వేదం!" అని గుసగుసగా అరిచాను. ఆ మహానుభావుడి చరిత్రలో ఆముదం ఎక్కడుందని అడిగింది. సమాధానం చెప్పకుండా చెంచా పిల్లాడి నోట్లో పెట్టాను.

తెల్లారింది. బాతు పాట పాడింది. ఏమీ పడలేదు. బయల్దేరుతుంటే మా ఆవిడ డైపర్ తీసింది. "అక్కర్లేదు" అన్నాను, తోడల్లుడికి వినిపించేలా.

గుడి దగ్గర ఇసకేస్తే రాలని జనం. డప్పులు, పసుపు, ఎండ. పిల్లాడికి కనపడటం లేదని తోడల్లుడు వాణ్ణి ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. నేను ఫొటో తీస్తున్నాను. అప్పుడు వాడు, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, తనంతట తాను, స్పష్టంగా, అందరికీ వినిపించేలా అన్నాడు: "నాన్నా, పాటీ!"

ఈ మాట కోసం నేను బతిమాలాను, భయపెట్టాను, బర్ఫీలు కొన్నాను, బాతు కొన్నాను, మొక్కాను. ఆ మాట విన్న క్షణంలో నా నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా? "ఆపుకో నాన్నా, అయిదు నిమిషాలు!"

వాడు ఆపుకుందామనే చూశాడు పాపం, ఆ విద్యలో వాడిని మించినవాడు జిల్లాలో లేడు, కాళ్లు బిగించాడు, తోడల్లుడి జుట్టు రెండు చేతులా పట్టుకున్నాడు, తోడల్లుడు "అబ్బా" అన్నాడు, నేను దింపు దింపు అన్నాను, వెనకనుంచి జనం తోశారు, ముందునుంచి అమ్మవారు పూనిన ఆవిడ ఊగుతూ వస్తోంది, రాత్రి ఆముదం సరిగ్గా అప్పుడే తన ప్రతాపం చూపించింది, నెలల బాకీ వడ్డీతో సహా, తెల్ల చొక్కా కాలరు, వీపు, ఆ కింద ఇంకా చెప్పను, జనం ఒక్కసారిగా చీలి మాకు ఇంత దారిచ్చారు, ఎవరో ముసలాయన అమ్మవారి మహిమ అని దండం పెట్టాడు, మా ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుంది, ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. నా చేతిలో ఫోను వీడియో తీస్తూనే ఉంది.

తోడల్లుడు చాలా పెద్దమనిషి. ఝర్‌పట్ ఒడ్డున కుళాయి దగ్గర చొక్కా విప్పి కడుక్కుంటూ "మొత్తానికి చెప్పాడు కదా బావా" అన్నాడు.

మేలో నాగ్‌పూర్ వెళ్లాం, పిల్లల పేగుల డాక్టరమ్మ దగ్గరికి. పుట్టిన మొదటి రోజే నల్లటి మలం వెళ్లిందా అని ముందు అడిగింది. కొంతమంది పిల్లలకి పెద్దపేగు చివర నరాల కణాలే ఉండవట. 1886లో కోపెన్‌హేగన్‌ డాక్టరు హిర్ష్‌స్ప్రుంగ్ వివరించిన జబ్బు. మావాడిది అది కాదని తేల్చుకుంది. థైరాయిడ్, గోధుమ పడకపోవడం, అన్నిటికీ రక్తం చూసింది. తర్వాత పొట్ట నొక్కి చూసి, మందుచీటీ వెనక బొమ్మ గీసింది. వెళ్లకుండా ఆపుకుంటే పెద్దపేగు మలంలోని నీళ్లు పీల్చేస్తుంది, ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి, అందుకని ఇంకా ఆపుకుంటాడు. పేగు చివర సాగిపోయి, నిండిందన్న కబురే పిల్లాడికి అందదు. ఆ గడ్డ పక్కనుంచి పల్చటిది కారిపోతుంటుంది. దాన్ని చూసి అమాయకులు విరేచనాలనుకుంటారు. "అమాయకులు" అన్నది ఆవిడ మర్యాద. రాయిలెక్క ఉందని మా అమ్మ ఎప్పుడో చెప్పిందే. అమ్మ మాటకి ఈ ఫీజు లేదు, అంతే తేడా.

"సిరప్ ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది. గదిలో ఫ్యాను చప్పుడు బాగా వినిపించింది. మా ఆవిడ నా వంక చూడలేదు. గోడ మీద క్యాలెండర్ వంక చూసింది. అది ఇంకా దారుణం.

నీళ్లలో కలిపి తాగే పొడి రాసింది. ముందు లోపలున్నదంతా ఖాళీ చేయడానికి ఎక్కువ మోతాదు, తర్వాత సాగిన పేగు మామూలు కొలతకి వచ్చేదాకా నెలల తరబడి రోజూ. అలవాటుపడతాడన్న భయం వద్దంది. పాలు తగ్గించి నీళ్లు పెంచమంది. పొట్టలో తిండి పడగానే పెద్దపేగు తనంతట తాను కదులుతుంది కాబట్టి తిన్నాక కాసేపు కూర్చోబెట్టమంది, కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేయమంది. తిట్టొద్దు, పులి వద్దు. ఆ పైన ఆఖరి దెబ్బ: పాటీ నేర్పడం ప్రస్తుతానికి ఆపేసి మళ్లీ డైపర్ వేయండి, నొప్పి సంగతి వాడు మర్చిపోయాక వాడే వస్తాడు.

మెడికల్ షాపులో డైపర్ ప్యాకెట్టు ఏదో దొంగసరుకు కొంటున్నట్టు నల్ల కవరులో పెట్టించుకున్నాను. సందు మొదట్లో కవరు చిరిగింది. కాకూ ఏరి ఇచ్చింది, పైన రెండు భాకరీలు కూడా పెట్టింది. ఈసారి తీసుకున్నాను. ఆ ఏడు బడి తప్పింది. పక్క సీటాయన అడిగితే, చిన్నవయసులో బడి పిల్లల మీద ఒత్తిడి అని నేను నమ్ముతానని చెప్పాను.

పూర్తిగా బాగుపడిందా అంటే, నెల బాగుంటాడు, జ్వరమొస్తే మళ్లీ కూలర్ వెనక్కి చేరతాడు. ఎక్కువ రోజులు మాత్రం అన్నం తిన్నాక టిప్పర్ లారీ పట్టుకుని బాతు మీద కూర్చుంటాడు. మేం ఎవరం ఏమీ అనం. గ్రూపులో కూడా ఏమీ పెట్టడం లేదు. మేనత్త ఫోన్ చేసి ఏమైందని కంగారుపడింది.

మొన్న మా అమ్మ పిల్లాడికి తల దువ్వుతూ, "నువ్వు నాలుగేండ్లదాక చింతచెట్టు ఎనుక గిట్లనే నిలవడెటోనివి, మీ నాయిన గిట్లనే ఒర్లెటోడు" అంది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నాకు తెల్వదంటివి గద" అంది.

ఆవిడ చెప్పకపోయినా నా సంగతి నాకు తెలుసు. పొద్దున్నే పేపరు పట్టుకుని లోపలికెళ్తే సంపాదకీయం, క్రీడలు, సంతాపాలు అన్నీ అయ్యాకే బయటపడతాను. ఈ మధ్య పిల్లాడు తలుపు కొట్టి "నాన్నా, కాళ్ల కింద పీట వేసుకున్నావా?" అని అడుగుతున్నాడు. వేసుకున్నాను. అంతే కాదు, వాడి పొడి కూడా రాత్రిపూట రెండు చెంచాలు కలుపుకుంటున్నాను. నిన్న మా ఆవిడ డబ్బా ఊపి చూసి, ఇంత తొందరగా ఎలా అయిపోయిందని అడిగింది. పిల్లాడు ఒలకబోస్తున్నాడని చెప్పాను.